ఇల్లు అమ్మడానికి ఏజెంటు ఒకరు చాలా, ముగ్గురు కావాలా: మూడు తాళంచెవుల అనుభవం

నాన్న ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు గేటుకి మూడు బోర్డులు వేలాడాయి. మూడింటి మీదా "ఇల్లు అమ్మబడును" అనే ఉంది, కింద ఫోన్ నంబర్లే వేరు. "ముగ్గురుంటే మూడు రెట్ల మంది వస్తారక్కా" అన్నాడు మా తమ్ముడు. నాకూ నిజమే అనిపించింది. ఇరవై ఏళ్ళు ఆఫీసులో లెక్కలు రాసినదాన్ని, ఆ చిన్న గుణకారం ఎక్కడ తప్పిందో తెలుసుకోడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఆ తర్వాత నా సొంత ఫ్లాటు అమ్మాను, ఒక్కరితోనే. ఇంకో రెండేళ్ళకి మా తోడికోడలు తన పాత ఇల్లు అమ్ముతుంటే "నువ్వు మాత్రం ఇద్దర్ని పెట్టు" అని నేనే చెప్పాను. అందుకే నన్నెవరైనా "ఒకరు మంచిదా, నలుగురు మంచిదా" అని అడిగితే వెంటనే జవాబు చెప్పను. ముందు మీ ఇల్లు ఎలాంటిది, మీకు తొందర ఎంత, ఏజెంటు మీతో ఏ కాగితం మీద సంతకం చేయించుకుంటున్నాడు అని అడుగుతాను. ఎందుకు అడుగుతానో చెప్పాలంటే ముందు ఒక ఆదివారం సంగతి చెప్పాలి.

ఆ ఆదివారం

పొద్దున పదింటికి మొదటి ఏజెంటు ఒక జంటని తీసుకొచ్చాడు. వెంట ఏడెనిమిదేళ్ళ పాప. ఇల్లంతా తిరిగారు, మేడ మీదకి వెళ్ళారు, కుళాయిలు తిప్పి చూశారు, వెళ్ళిపోయారు. సాయంత్రం నాలుగింటికి రెండో ఏజెంటు ఫోన్ చేశాడు. "మేడం, మంచి పార్టీ, గేటు దగ్గరే ఉన్నాం." వెళ్ళి తలుపు తీస్తే అదే జంట, అదే పాప. ఆ భార్యాభర్తలు నన్ను మొదటిసారి చూస్తున్నట్టే నమస్కారం పెట్టారు. నేనూ పెట్టాను, ఏం చేస్తాను? ఏజెంటు ఉత్సాహంగా "ఇదిగోండి సార్, ఇది హాలు, ఇటు పక్కది చిన్న గది" అంటుంటే ఆ పాప "దాని తలుపు మూసుకోదు" అంది.

వాళ్ళు మోసం చెయ్యడానికి రాలేదు పాపం. ఒకాయన పెట్టిన ప్రకటనలో మూడు పడగ్గదులు ఉన్నాయి, నాన్న పుస్తకాలు పెట్టుకున్న గదిని కూడా లెక్కేశాడు. ఇంకొకాయన రెండే రాశాడు. ఒకరు ముందు వైపు నుంచి ఫోటో తీశారు, ఇంకొకరు పెరటి వైపు నుంచి. ధర కూడా ఒక్కటి కాదు, రెండో ఆయన వందకి నాలుగు తక్కువ పెట్టాడు. "ఫోన్లు రావాలంటే అలాగే పెట్టాలి మేడం, తర్వాత పెంచుకోవచ్చు" అన్నాడు అడిగితే. వాళ్ళు రెండూ వేర్వేరు ఇళ్ళనుకుని బయల్దేరారు, గేటు దగ్గరికొచ్చాక తెలిసింది. వెళ్ళేముందు ఆ భర్త కాస్త వెనక ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "మేడం, ఏమీ అనుకోకండి. ఈ ఇంటికి అసలు రేటు ఏది?"

నా దగ్గర జవాబు లేదు. ఆ క్షణం నుంచి బేరం వాళ్ళ చేతిలోకి వెళ్ళిపోయింది.

చివరికి కొన్నది వాళ్ళే, రెండో ఏజెంటు ద్వారా. మొదటాయన ఊరుకుంటాడా? "ముందు చూపించింది నేను" అన్నాడు. "బేరం కుదిర్చింది నేను" అని రెండో ఆయన. ఇద్దరి మాటా నిజమే, ఇద్దరి కాగితంలోనూ ఈ సంగతి గురించి ఒక్క ముక్క లేదు. ఒకరికి పూర్తి కమీషన్, ఇంకొకరికి సగం ఇచ్చి బయటపడ్డాను.

ఏజెంటు వైపు కూర్చుని లెక్క వేయండి

మనం ఎంతసేపూ "నా ఇల్లు ఎంతమందికి తెలుస్తుంది" అని చూస్తాం. ఏజెంటు చూసేది వేరు. "ఈ ఇంటి మీద నేను పెట్టే రోజులకి డబ్బు తిరిగొచ్చే అవకాశం ఎంత?" చాలా చోట్ల అతనికి ఇల్లు అమ్ముడైతేనే కమీషన్. అమ్మకపోతే తిరిగిన పెట్రోలు, పెట్టిన ప్రకటన, పోయిన ఆదివారాలు అన్నీ అతని ఖాతాలోనే.

ఊరికే లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. ఇంటి ధర వంద. ఒక్కరికే అప్పజెప్పారు, కమీషన్ వందకి ఒకటిన్నర. గడువులోగా అతనే అమ్మే అవకాశం పదికి ఎనిమిది అనుకుంటే, అతను మనసులో వేసుకునే రాబడి 1.2. ఇప్పుడు ముగ్గురికి ఇచ్చారు, ఆశ పెట్టడానికి కమీషన్ రెండుకి పెంచారు. ముగ్గురూ కలిసి అమ్మే అవకాశం నూటికి ఎనభై అయిదుకి పెరిగిందనే అనుకుందాం. తలా ఒక వాటా వేస్తే ఒక్కొక్కరికి నూటికి ఇరవై ఎనిమిది. రెండుతో గుణిస్తే 0.56. మీరు ఎక్కువ కమీషన్ ఇస్తానన్నారు, అయినా అతని ఆశ సగానికంటే కిందికి పడిపోయింది. పని కూడా అంతే చేస్తాడు.

ఇది నా ఊహ కాదు. నాన్న ఇల్లు అమ్ముడైపోయాక, గొడవ చల్లారాక, మొదటి ఏజెంటే చెప్పాడు. "నిజం చెప్పమంటారా మేడం? ముగ్గురున్న ఇంటికి నేను ఫోటోగ్రాఫర్ని పిలవను. ఫోన్‌తో నాలుగు కొట్టి పెట్టేస్తా. ముగ్గురున్న చోట నేను పార్టీతో బేరమాడను, మిగతా ఇద్దరి కంటే ముందు ఎవరో ఒకర్ని మీ ముందు కూర్చోబెట్టాలని చూస్తా. ఏ రేటు చెప్పినా 'ఇచ్చెయ్యండి మేడం' అనే అంటా." అప్పుడు కోపం వచ్చింది గానీ ఇంత నిజాయితీగా మాట్లాడిన ఏజెంటుని మళ్ళీ చూడలేదు.

ఒక్కరే ఉన్నా ఈ "ఇచ్చెయ్యండి" రోగం కొంత ఉంటుంది. మీకు వందకి బదులు నూట నాలుగు వస్తే అది మీకు పెద్ద తేడా. వందకి రెండు చొప్పున ఏజెంటుకి వచ్చేది 0.08, దానికోసం ఇంకో రెండు వారాలు ఎందుకు తిరుగుతాడు? స్టీవెన్ లెవిట్, చాడ్ సైవర్సన్ అనే ఇద్దరు అమెరికన్ ఆర్థికవేత్తలు షికాగో చుట్టుపక్కల దాదాపు లక్ష ఇళ్ళ అమ్మకాలు తీసి చూశారు, ఆ పరిశోధన 2008లో అచ్చయింది. ఏజెంట్లు తమ సొంత ఇళ్ళు అమ్ముకునేటప్పుడు, అలాంటి ఇళ్ళే ఇతరులకి అమ్మిపెట్టినప్పటి కంటే సుమారు తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగారు, దాదాపు 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకున్నారు. అంటే ఎప్పుడు ఆగాలో వాళ్ళకి తెలుసు. మన ఇంటికొచ్చేసరికి ఆగరు. ఒక్కరున్నప్పుడే ఇలా ఉంటే, వెనకాల ఇంకో ఇద్దరు తరుముతుంటే ఆగుతారని ఎలా అనుకోవడం?

ఇది ఒక వైపు. రెండో వైపూ చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఒక్కరి చేతిలో పూర్తిగా పెడితే ఆ ఒక్కరూ గుమ్మం దగ్గర కాపలా కూర్చోవచ్చు. వేరే ఏజెంటు పార్టీని తెస్తానంటే కమీషన్ పంచుకోవాల్సొస్తుందని "ఇల్లు దాదాపు అయిపోయిందండీ" అని పంపించేసేవాళ్ళుంటారు. ఆ ఫోన్ వచ్చిందని కూడా మీకు తెలీదు. ఇద్దరు ముగ్గురున్నప్పుడు ఈ దాపరికం సాగదు. ఎక్కువమందిని పెట్టడంలో నాకు కనిపించిన అసలైన లాభం ఇదే.

కాబట్టి ఒక్కరినే పెట్టదలుచుకుంటే సంతకానికి ముందు ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి. "ఇంకో ఏజెంటు పార్టీని తెస్తే మీ కమీషన్లో సగం ఇస్తారా?" ఇస్తానంటే, ఆ మాట కాగితం మీద రాస్తానంటే, మీ సమస్య సగం తీరినట్టే. ఒక్కడే బాధ్యుడు, అయినా ఊళ్ళో ఏజెంట్లందరికీ తలుపు తెరిచే ఉంటుంది. అమెరికా, కెనడా లాంటి చోట్ల ఎంఎల్ఎస్ అనే ఉమ్మడి జాబితాలో ఒక్క ఏజెంటు ఇల్లు పెడితే మిగతా ఏజెంట్లందరికీ కనిపిస్తుంది. అలాంటి ఏర్పాటున్నచోట ఎక్కువమందిని పెట్టాల్సిన అవసరమే పెద్దగా రాదు. ఆ ప్రశ్న వినగానే "పంచుకోవడాలు మా దగ్గర లేవండీ, మా పార్టీలు మాకే చాలు" అంటే మాత్రం టీ తాగించి పంపించెయ్యండి.

రెండో ఏజెంటు కంటే ముందు

ఇంకొకర్ని పెట్టాలనే ఆలోచన మామూలుగా ఎప్పుడొస్తుంది? ఇల్లు రెండు నెలలుగా అమ్ముడుపోనప్పుడు. విసుగొచ్చి "ఇతను పనికిరాడు" అనుకుంటాం. కావచ్చు. కానీ ముందు ఒక కాగితం తీసుకుని ఇప్పటిదాకా ఏం జరిగిందో రాయండి. ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎంతమంది వచ్చి చూశారు, ఎంతమంది రెండోసారి వచ్చారు, ఎంతమంది రేటు చెప్పారు.

ఫోన్లే రాలేదంటే ప్రకటనలోనో ధరలోనో తేడా ఉంది. మీ ప్రకటన మీరే తెరిచి, కొనేవాడి కళ్ళతో చదవండి. నా ఫ్లాటు అమ్మినప్పుడు మొదటి మూడు వారాలు ఒక్క ఫోన్ లేదు. తెరిచి చూస్తే మొదటి ఫోటో స్నానాలగదిది! ఏజెంటు దగ్గర పనిచేసే కుర్రాడు ఫోటోలు వరస చూసుకోకుండా పెట్టేశాడు. బాల్కనీ ఫోటో ముందుకి మార్చమన్నాను. ఆ వారమే నలుగురు ఫోన్ చేశారు. రెండో ఏజెంటుని పెట్టి ఉంటే ఆ గొప్పంతా అతనికి పోయేది.

చాలామంది చూసి వెళ్తున్నారు, ఎవరూ రేటు చెప్పట్లేదు అంటే ఇంట్లోనే ఏదో ఉంది. వాసన, చీకటి, చెమ్మ, పక్కింటి గోడ. చూసి వెళ్ళినవాళ్ళకి మర్నాడు ఫోన్ చేసి "ఏం నచ్చలేదండీ" అని అడగమని ఏజెంటుకి చెప్పండి. అడగని ఏజెంటుని మాత్రం మార్చొచ్చు. రేట్లు చెప్తున్నారు, అందరూ దాదాపు ఒకే అంకె దగ్గర ఆగిపోతున్నారు అంటే, కష్టంగా ఉన్నా ఒప్పుకోవాలి, మీ ఇంటి ధర అది. నలుగురు కొత్త ఏజెంట్లు వచ్చినా ఆ అంకె దగ్గరికే తెస్తారు. అడ్వాన్సు దాకా వచ్చి వెనక్కి పోతున్నారంటే కాగితాల్లో చిక్కుంది, వెళ్ళాల్సింది లాయరు దగ్గరికి.

ఇవేవీ కాదు, ఇల్లు బాగుంది, ధర బాగుంది, మనిషే కదలట్లేదు అని తేలితే అప్పుడు కూడా రెండోవాడిని చేర్చకండి. మొదటివాడిని మార్చండి. చేర్చడం వేరు, మార్చడం వేరు. బద్ధకస్తుడి పక్కన ఇంకొకర్ని పెడితే బద్ధకస్తుడు పరిగెత్తడు, వచ్చినవాడు కూడా నెమ్మదిస్తాడు.

ఇద్దరు ఎప్పుడు కావాలి

మా తోడికోడలి సంగతి వేరు. ఆవిడది పెద్ద స్థలం, అందులో పాత ఇల్లు. దాన్ని కాస్త బాగు చేసుకుని ఉండాలనుకునే కుటుంబాలు కొనొచ్చు, ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టే బిల్డరూ కొనొచ్చు. ఈ ఇద్దరు కొనుగోలుదార్లు ఒకే ప్రకటన చదవరు, ఒకే ఏజెంటుకి ఫోన్ చెయ్యరు. ఒకరికి వంటగది ముఖ్యం, ఇంకొకరికి రోడ్డు వెడల్పు ముఖ్యం. ఒక్క ఏజెంటుకి ఈ రెండు లోకాల్లోనూ పరిచయాలుండటం అరుదు. అందుకే ఇళ్ళు అమ్మేవాడు ఒకడు, స్థలాలు బిల్డర్లకి ఇప్పించేవాడు ఒకడు, ఇద్దర్నీ పెట్టుకోమన్నాను. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి మొదటిరోజే చెప్పింది. ఎవరి పార్టీలు వాళ్ళవి, కలిసే చోటే లేదు. గొడవా రాలేదు.

నేను రెండో ఏజెంటుని ఒప్పుకునేది ఇలాంటప్పుడే, రెండోవాడు తెచ్చే పార్టీలు మొదటివాడు ఎప్పటికీ తేలేనివాళ్ళయితే. ఇద్దరూ అవే సైట్లలో ప్రకటన పెట్టి, ఆ వీధిలోనే బోర్డు కట్టేవాళ్ళయితే రెండోవాడి వల్ల వచ్చేది రెండో బోర్డే.

తొందర కూడా ఒక కారణమే, నిజమైన తొందరైతే. నెలన్నరలో డబ్బు కట్టాలి, లేదా దేశం వదిలి వెళ్ళాలి, ధర కాస్త తగ్గినా ఫర్వాలేదు అని మీరు ముందే తేల్చుకున్నారనుకోండి, అప్పుడు పరుగు పందెం మీకు పనికొస్తుంది. ఏజెంటు "ఇచ్చెయ్యండి" అనడం మీకూ కావాల్సిందే. కాకపోతే ఎంత తగ్గితే ఇస్తారో ఆ అంకె ముందే రాసి పెట్టుకోండి, ఏజెంట్లకి చెప్పకండి.

ఇంకా నిర్ణయం తెగకపోతే ఒక్కరితో, చిన్న గడువుతో మొదలుపెట్టండి. ఎనిమిది వారాలో, పన్నెండు వారాలో. ఒక్కరి నుంచి ఇద్దరికి వెళ్ళడం తేలిక. ముగ్గురి నుంచి ఒక్కరికి రావడం మహా కష్టం. ఎందుకంటే ఆపాటికి ఇల్లు మూడు ధరలతో అందరి ఫోన్లలోనూ తిరిగేసి ఉంటుంది. నెలల తరబడి ప్రకటనల్లో నలిగిన ఇంటిని చూస్తే కొనేవాడికి "ఇందులో ఏదో లోపం ఉంది" అనే అనుమానం వస్తుంది. అనుమానమొచ్చినవాడు రేటు తగ్గించే అడుగుతాడు.

కాగితంలో ఏముందో చూడండి

ఏజెంట్లతో ఒప్పందాలు పేరుకి పది రకాలున్నా లోపల సరుకు నాలుగు రకాలే. ఒకటి, అమ్మే హక్కంతా ఆ ఏజెంటుకే. గడువులోగా ఇల్లు ఎవరు కొన్నా, మీరే మీ పక్కింటాయనకి అమ్ముకున్నా, కమీషన్ అతనికి ఇవ్వాల్సిందే. రెండోది, ఏజెంటు ఒక్కడే, కానీ మీ అంతట మీరు పార్టీని వెతుక్కుంటే కమీషన్ లేదు. వినడానికి రెండూ ఒకేలా ఉంటాయి, సంతకం పెట్టించుకునేటప్పుడు "అదే మేడం, మేమొక్కళ్ళమే" అని ఒకే మాట చెప్తారు. నా ఫ్లాటు కాగితంలో మొదటి రకం రాసి తెచ్చారు. నేను పెన్ను మూత తియ్యకుండా "నాకు తెలిసినవాళ్ళెవరైనా కొంటే?" అని అడిగాను. ఆయన కాగితం వెనక్కి తీసుకుని రెండు రోజుల్లో మార్చి తెచ్చాడు. అడగకపోతే అలాగే ఉండేది.

మూడో రకంలో ఇద్దరు ఏజెంట్లు కలిసి పనిచేస్తారు, ఎవరు అమ్మినా కమీషన్ ముందే అనుకున్న లెక్కలో పంచుకుంటారు. ఇందులో పోటీ తక్కువ, మనస్పర్థలూ తక్కువే. నాలుగోది ఎవరు తెస్తే వాళ్ళకే. నాన్న ఇంటికి నేను చేసింది ఇదే.

ఏ రకమైనా ఈ నాలుగు సంగతులు వేలితో వెతికి పట్టుకోండి. గడువు ఎప్పుడు ముగుస్తుంది, దానంతటదే పొడిగించుకుంటుందా, మధ్యలో మానుకోవాలంటే ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, మానుకుంటే ప్రకటనల ఖర్చు అడుగుతారా. ఐదోది విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇద్దరికి కమీషన్ కట్టిన చాలామంది పడింది ఇక్కడే. నేను దీన్ని తోక షరతు అంటాను. "మా గడువు ముగిశాక కూడా, మేము పరిచయం చేసిన వ్యక్తి ఇన్ని నెలల్లోపు కొంటే మా కమీషన్ మాకు రావాలి" అని ఉంటుంది. న్యాయమైన షరతే. ఏజెంటు చూపించిన పార్టీతో మనం గడువు దాకా ఆగి, వెనక నుంచి బేరం కుదుర్చుకుంటే అతనికి అన్యాయం కదా. కానీ ఆ తోక ఎంత పొడుగో, "పరిచయం" అంటే ఏమిటో చూడాలి. ఇంటికి తీసుకొచ్చి చూపించడమా, ప్రకటన లింకు పంపించడం కూడా పరిచయమేనా? ఇంటికి తెచ్చినవాళ్ళకే వర్తించేలా రాయించుకోండి.

కమీషన్ ఎప్పుడు ఇవ్వాలనేది కూడా చదవండి. కొన్ని కాగితాల్లో "కొనడానికి సిద్ధంగా ఉన్న పార్టీని చూపిస్తే చాలు" అన్నట్టు రాస్తారు. అంటే అమ్మకం పూర్తవకపోయినా డబ్బు అడగొచ్చు. అలాంటి కాగితాలు ఇద్దరు ఏజెంట్లవి మీ దగ్గరుంటే ఇల్లు ఒక్కటే, బాకీలు రెండు. రిజిస్ట్రేషన్ అయ్యాకే కమీషన్ అని మార్పించండి.

ఇంకో మాట వినిపిస్తుంది. "మీకు చేతికి ఎంత కావాలో చెప్పండి మేడం, పైన వచ్చింది మాది." మూడో ఏజెంటు ఇలాగే అన్నాడు. తలనొప్పి లేదనిపిస్తుంది. కానీ ఇంటి విలువ మీకంటే అతనికి బాగా తెలుసు, అందుకే ఆ మాట అంటున్నాడు. ఒప్పుకోకండి.

మొదటివాడి నుంచి రెండోవాడికి మారేటప్పుడు నేను చేసే పని ఒకటుంది, ఇది చెయ్యడానికి పది నిమిషాలు పట్టదు. గడువు ముగిసిన రోజున మొదటి ఏజెంటుని "మీరు తెచ్చిన పార్టీల పేర్లు రాసి పంపండి" అని అడుగుతాను. నా నోటుబుక్కుతో సరిచూసుకుంటాను. ఆ జాబితా కొత్త ఏజెంటుకిచ్చి "వీళ్ళు కొంటే మీకు కమీషన్ లేదు, మిగతా లోకమంతా మీదే" అని రాయించుకుంటాను. మొదట్లో మొహం ముడుచుకుంటారు గానీ మంచి ఏజెంటు ఒప్పుకుంటాడు, ఆ తలనొప్పి అతనికీ వద్దు కాబట్టి.

ముగ్గురిని పెట్టే తీరాలనుకుంటే

సరే, పరిస్థితి అలా వచ్చింది, లేదా ఇంట్లోవాళ్ళు వినలేదు. మా తమ్ముడి మాటకి ఒకప్పుడు నేనూ తలూపాను, అందుకే అర్థం చేసుకోగలను. అప్పుడు కొన్ని పనులు మీరే మీ చేతిలో పెట్టుకోవాలి. ఒక్క ఏజెంటున్నప్పుడు అతను చేసే మేనేజరు పని, ముగ్గురున్నప్పుడు మీ నెత్తిన పడుతుంది. ఇది ఎవరూ ముందు చెప్పరు.

ప్రకటన మీరే రాయండి. గదులు ఎన్ని, విస్తీర్ణం ఎంత, ధర ఎంత అన్నది ఒకే కాగితం మీద రాసి ముగ్గురికీ అదే ఇవ్వండి, ఫోటోలూ అవే ఇవ్వండి. వారానికోసారి మూడు ప్రకటనలూ తెరిచి చూడండి. ధర మార్చితే ముగ్గురికీ ఒకే గంటలో మెసేజ్ పెట్టండి. "చివరికి ఎంతకిస్తారు" అన్న ప్రశ్నకి జవాబు ఏ ఒక్క ఏజెంటుకీ చెప్పకండి. ముగ్గురిలో ఒకరికి తెలిస్తే కొనేవాడికి తెలిసినట్టే. కొనేవాళ్ళు ముగ్గురికీ ఫోన్ చేసి, ఎవరు ఎక్కువ దిగితే వాళ్ళతోనే సిట్టింగ్‌కి కూర్చుంటారు. నాన్న ఇంటికి వచ్చిన ఒకాయన నా ఎదురుగానే ఫోన్ స్పీకర్లో పెట్టి, వందకి ఏడు తగ్గిస్తానని మా ఏజెంటే చెప్తుంటే నాకు వినిపించాడు. నేను ఏడు తగ్గిస్తానని ఎవరితోనూ అనలేదు!

తర్వాత నోటుబుక్కు. పెద్ద హంగామా అక్కర్లేదు, ఒక పేజీకి నాలుగు గీతలు. తేదీ, సమయం, వచ్చినవాళ్ళ పేరు, ఎవరు తెచ్చారు. ఇల్లు చూడ్డానికి వచ్చేముందే ఏజెంటు పార్టీ పేరు మెసేజ్ చెయ్యాలి, పేరు లేకపోతే తలుపు తియ్యను అని చెప్పండి. అప్పటికే ఆ పేరు నోటుబుక్కులో ఉంటే "వీళ్ళని ఫలానా రోజు ఇంకొకరు తెచ్చారు" అని అప్పుడే జవాబివ్వండి. ఆ ఆదివారం నా దగ్గర ఈ పుస్తకం ఉండి ఉంటే, సాయంత్రం నాలుగింటికి గేటు దగ్గరే తేలిపోయేది. ముందు చూపించినవాడిదా, బేరం తెగ్గొట్టినవాడిదా కమీషన్ అన్నది కూడా ముగ్గురి కాగితాల్లోనూ ఒకే మాటలో రాయించండి. ఏ పద్ధతైనా ఫర్వాలేదు, ముగ్గురికీ ఒకటే ఉండాలి. కమీషన్ కూడా ముగ్గురికీ సమానంగానే ఉండాలి, ఒకరికి ఎక్కువిస్తే మిగతావాళ్ళకి తెలియకుండా ఉండదు.

తాళంచెవుల విషయంలో నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. ఖాళీ ఇల్లు కదా అని ముగ్గురికీ ఒక్కో చెవి ఇచ్చాను. ఒక సోమవారం పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు, మేడ మెట్ల మీంచి నీళ్ళు కారుతున్నాయని. వెళ్ళి చూస్తే పై స్నానాలగదిలో కుళాయి తిప్పి వదిలేశారు, చెక్క తలుపు కింది భాగం ఉబ్బిపోయింది. ముగ్గురికీ ఫోన్ చేశాను. ముగ్గురూ "మేం ఈ వారం రాలేదు మేడం" అన్నారు. చెవి ఒక్కటే ఉంచండి, మీ దగ్గరో, నమ్మకమైన పొరుగువాళ్ళ దగ్గరో. తీసుకున్నవాడు సంతకం పెట్టి తీసుకోవాలి, సంతకం పెట్టి ఇవ్వాలి.

అమ్మకం అయిపోయిన రోజు ఇంకో చిన్న పని ఉంటుంది. ముగ్గురికీ "ఇల్లు అమ్ముడైంది, ఫలానా తేదీన, ఫలానా వారి ద్వారా" అని మెసేజ్ పెట్టి, ప్రకటనలు తీసేయమని, బోర్డులు దించమని, చెవులు తిరిగివ్వమని చెప్పాలి. నేను చెప్పాను. రెండు బోర్డులు దిగాయి, మూడోది నేనే తీగ కోసి దించాను. ప్రకటన ఒకటి ఇంకో నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది, ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉన్నారు. చెవులు రెండు తిరిగొచ్చాయి. మూడోది ఎవరి దగ్గరుందో ఇప్పటికీ తెలీదు, కొనుక్కున్నాయన మాత్రం గృహప్రవేశానికి ముందే తాళం మార్చేశాడు. మూసుకోని ఆ చిన్న గది తలుపు కూడా.